పిడక పొగ చెబితే గానీ

ఈ జనవరిలో భోగి నాడు తెల్లవారుజామున మా అమ్మాయి ఇంట్లో హాలంతా పొగ కమ్ముకుంది. ఊరు తెనాలి కాదు, అమెరికాలో అట్లాంటాకి ఉత్తరాన ఉన్న కమింగ్. బయట నీళ్ళు గడ్డకట్టే చలి. పెరట్లో మంట వేస్తే పక్కింటివాళ్ళు ఫైరింజనుకి ఫోన్ చేస్తారని మా అల్లుడి భయం. ఇండియన్ స్టోరులో కొన్న పిడకల దండ మాత్రం ఉంది. పన్నెండు బుల్లి పిడకలు, పురికొసకి గుచ్చి, ప్లాస్టిక్ కవరు చుట్టి, పైన ధర చీటీ అంటించి. అమెరికా ఆవులవేనట. ఎనిమిదేళ్ళ మనవడు తలంటి పోయించుకుని, కొత్త లాల్చీ తొడుక్కుని, ఆ దండ పట్టుకుని "అమ్మమ్మా, మంటెక్కడ?" అంటూ నిలబడ్డాడు. హాల్లో టీవీ కింద గ్యాస్ దుంగలు వెలుగుతున్నాయి. మంటంటే మంటే కదా అనుకున్నాను. వాడి చెయ్యి పట్టుకుని దండ అందులో వేయించింది నేనే.

ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని. పిడక రాజుకుంటే పొగ వస్తుందని తెలియక కాదు. పైన గొట్టం ఉంది, అందులోంచి పోతుందిలే అనుకున్నాను. పోలేదు. పొయ్యి నోటి పైఅంచు దాటుకుని హాల్లోకే వచ్చింది. కాసేపటికి పైన అరుగు మీద పెట్టిన వెంకటేశ్వరస్వామి పటం కనిపించడం మానేసింది. పొగ అలారం ఇల్లెగిరిపోయేలా అరిచింది. అల్లుడు మేడ మీంచి లుంగీతోనే పరిగెత్తుకొచ్చి గ్యాస్ కట్టేసి, తలుపులన్నీ బార్లా తీసి, పిడకల్ని పట్టకారుతో ఇనప బకెట్లోకి ఏరాడు. అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే బాగుండేది.

ఆ పూటంతా ఇంట్లో పిడకల మాటే. కర్టెన్లకి పట్టిన వాసన ఎలా పోగొట్టాలి, సోఫా కవర్లు ఎప్పుడు ఉతకాలి. నా బుర్రలో మాత్రం ఇంకొకటి తిరుగుతోంది. పిడక పొగ బయటికి పోలేదంటే, నెలన్నర నుంచి రోజూ ఆరేడు గంటలు వెలుగుతున్న ఆ గ్యాస్ మంట తాలూకు పొగ ఎటు పోతున్నట్టు?

గ్యాస్ ఫైర్‌ప్లేసు అనే ఆ వస్తువుని చూడనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెబుతాను. గోడలో ఇటుకతోనో రేకుతోనో కట్టిన గూడు. అందులో ఇనప చట్రం మీద నాలుగైదు కట్టె దుంగలు పేర్చినట్టు ఉంటాయి. బెరడు, ముళ్ళు, గొడ్డలి వేటు, కాలిన నలుపు, అన్నీ ఉంటాయి. కానీ అవి కట్టెలు కావు. సిమెంటు లాంటి పదార్థంతోనో, పింగాణీ పీచుతోనో పోతపోసి రంగు వేసినవి. కింద ఇసకలో దాగి ఒక బర్నరు ఉంటుంది. గ్యాస్ ఆ ఇసకలోంచి పైకి చిమ్మి దుంగల మధ్య నుంచి మంటగా లేస్తుంది. కట్టె తేవక్కర్లేదు, బూడిద ఎత్తక్కర్లేదు. మా ఊళ్ళో కాగు కింద పుల్లలు ఎగదోసిన చేతులకి అది దేవలోకం లాగే కనబడింది.

అందులో మూడు రకాలున్నాయని తర్వాత తెలిసింది. మొదటిది అసలు కట్టెల కోసం కట్టిన పొగగొట్టం కిందే గ్యాస్ దుంగలు పెట్టేది. రెండోదానికి గొట్టమే ఉండదు. మండగా వచ్చినదంతా గదిలోకే వస్తుంది. గాలిలో ఆక్సిజన్ మామూలు 21 శాతం నుంచి 18కి దగ్గరపడితే ఆరిపోయేలా ఒక ఏర్పాటు ఉంటుంది. కాలిఫోర్నియాలో ఇళ్ళలో దాన్ని పెట్టనివ్వరు, జార్జియాలో పెట్టుకోవచ్చు. మూడోది అద్దం బిగించి మూసేసింది. గాలి బయట నుంచే తీసుకుని పొగ బయటికే వదులుతుంది. ఒక్కోదానికి ఒక్కో పథ్యం. మా వాళ్ళింట్లో ఉన్నది ఏ రకమో ఇల్లు కొన్న ఆరేళ్ళకి, పిడకలు కాలాక గానీ ఎవరికీ తెలియలేదు. అది మొదటి రకం. అంటే గొట్టం తెరిచి ఉంటేనే వెలిగించాల్సింది.

డిసెంబరు మొదటివారంలో మేమిద్దరం అక్కడ దిగాం. పొద్దున్న ఏడున్నరకల్లా పిల్లలు స్కూలుకి, పెద్దవాళ్ళు ఆఫీసులకి. సాయంత్రం దాకా అంత పెద్ద ఇంట్లో ఇద్దరం. మావారికి డెబ్బై నాలుగు, చలికి మోకాళ్ళు పట్టేస్తాయి. అల్లుడు మంచివాడు. "అత్తయ్యా, మీకెందుకు చలి, ఇది నొక్కండి" అని రిమోటు చేతికిచ్చి వెళ్ళాడు. నొక్కాం. మావారు దాని ముందు కుర్చీ వేసుకుని పేపరు పట్టుకునేవారు, పది నిమిషాల్లో గురక. వయసు మీద పడిందనుకున్నాను. నాకు మధ్యాహ్నం మూడయ్యేసరికి నుదురు బిగిసి తలనొప్పి. కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను. ఒక శనివారం రివర్‌డేల్‌లో ఉన్న గుడికి తీసుకెళ్ళారు, వెంకటేశ్వరస్వామి. దారిలోనే తలనొప్పి పోయింది. స్వామి మహిమ అని అమ్మాయితో అన్నాను కూడా.

ఇంట్లోంచి బయటికి వెళితే తగ్గే తలనొప్పి ఒకటుందని పుస్తకంలో నేను చదివిందే. గ్యాస్ సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్ని పట్టుకునేదానికంటే రెండు వందల రెట్లకి పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది, వదలదు. తలనొప్పి, మగత, వికారం, ఆ తర్వాత స్పృహ పోవడం. అమెరికాలో ఏటా నాలుగు వందల మందికి పైగా, మంటల్లో చిక్కుకుని కాదు, కేవలం ఈ వాయువు పీల్చి ప్రమాదవశాత్తు చనిపోతున్నారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ లెక్క. మా తలనొప్పి, మావారి గురక దానివల్లేనని రుజువు లేదు. రక్తపరీక్ష చేయించలేదు. గొట్టం తెరిచాక మాత్రం రెండూ మళ్ళీ రాలేదు.

ఇంట్లో దీనికో అలారం ఉండాలి కదా అని మీరడగొచ్చు. ఉంది. వంటింటి సొరుగులో, పాత చార్జర్ల మధ్య, బ్యాటరీ తీసేసి. అంతకుముందు ఏడాది నుంచి నిమిషానికోసారి కిచకిచలాడుతోందట. నిద్ర పాడవుతోందని తీసి పడేశారు. దాని వీపు మీద చూస్తే గడువు తీరి ఏడాదిన్నర. ఆ అలారంలోని సెన్సరుకి ఆయుష్షు ఏడేళ్ళో పదేళ్ళో, ఆ తర్వాత నాకిక చేతకాదు అని చెప్పుకోవడమే ఆ కిచకిచ. భోగి నాడు అరిచింది వేరేది, పొగని పట్టేది. మోనాక్సైడుకి దానికి సంబంధం లేదు.

మూడు రోజుల తర్వాత మెకానిక్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, తెల్ల గడ్డం, మోకాళ్ళకి తోలు తొడుగులు. పలకరింపు అయ్యాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "దీని ముందు ఎక్కువసేపు కూర్చునేదెవరు?" అమ్మాయి, అల్లుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను, క్లాసులో పిల్లల్లాగా. "అయితే మీరు రండి" అని నన్ను గూడు ముందు కూచోబెట్టి, టార్చి నా చేతికిచ్చి పైకి చూడమన్నాడు.

పొగగొట్టం అడుగున ఒక ఇనప రేకు తలుపు ఉంటుంది, డ్యాంపర్ అంటారు. అది ముప్పాతిక వంతు మూసి ఉంది. చలిగాలి దిగుతోందని ఎప్పుడో మూశారు. గ్యాస్ దుంగలు పెట్టిన చోట ఆ రేకు పూర్తిగా మూసుకోకుండా ఒక చిన్న క్లాంపు బిగించి ఉంచాలి. మన బట్టల క్లిప్పంత ఇనపముక్క. అది దుంగల వెనక మూల దుమ్ములో దొరికింది. ఎవరు ఊడదీశారో ఇప్పటికీ తేలలేదు. పాత ఇంటాయనే అంటాడు మా అల్లుడు. అప్పటిదాకా ఏడాదికి నాలుగైదు సార్లు, దీపావళికి, క్రిస్మస్‌కి, ఫొటోల కోసం అరగంట వెలిగించేవారు కాబట్టి బయటపడలేదు. రోజుకి ఆరేడు గంటలు వాడే మనుషులం మేమొచ్చాం.

రెండో తప్పు నాది. డిసెంబరులో ఒక రోజు ఏమీ తోచక ఆ గూడు శుభ్రం చేశాను. దుంగలన్నీ బయటికి తీసి, తడిగుడ్డతో తుడిచి, ఇసక చదునుగా సర్ది, దుంగల్ని ముందుకంటే అందంగా పేర్చాను. అమ్మాయి మెచ్చుకుంది కూడా. మెకానిక్ ఆ పేర్పు చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత సంచిలోంచి ఒక కాగితం తీసి చూపించాడు. ఏ దుంగ ఎక్కడ, ఏ కొస ఏ మేకు మీద ఆనాలో కొలతలతో బొమ్మ. అది అలంకారం కాదట. మంట వెళ్ళే దారిని వదిలి దుంగలు పెట్టాలి. దారికి అడ్డంగా దుంగ వస్తే మంట దానికి తగిలి చల్లబడి, గ్యాస్ సగంలో మండడం ఆగిపోయి, మసి, మోనాక్సైడ్. నేను పేర్చిన ముందు దుంగకి అడుగున మసి అరచేతి మేర నల్లగా ఉంది. వేలు పెడితే కాటుకలా అంటింది. నేను చదును చేసిన ఇసక బర్నరు రంధ్రాల్లో మూడో వంతుకి అడ్డంపడింది.

ఇక్కడ నా చదువుకి కూడా ఒక దెబ్బ తగిలింది. "నీలి మంట మంచిది, పసుపు మంట చెడ్డది" అని బున్సెన్ బర్నరు వెలిగించి ఎన్ని వందలమంది పిల్లలకి చెప్పానో. గాలి రంధ్రం మూస్తే పసుపు, తెరిస్తే నీలం. వంటింటి స్టవ్వుకి అది అక్షరాలా నిజం. గిన్నె అడుగు నల్లబడుతోందంటే, మంట పసుప్పచ్చగా ఊగుతోందంటే బర్నరు శుభ్రం చేయాలి. "ఇది పసుపుగానే ఉంది, పాడైందా?" అని ఆయన్నడిగాను. నవ్వాడు. దీన్ని పసుపుగా మండేలాగే తయారుచేస్తారట, కట్టెమంటలా కనబడాలని. అంటే గాలి కావాలనే తక్కువ కలుపుతారు. చూడ్డానికి బాగుండడం కోసం సగం మండనిచ్చే మంట. అందుకే దానికి గొట్టం తెరిచి ఉండి తీరాలి. ఇన్నాళ్ళు నేను ముచ్చటపడి చూసిన ఆ పసుపు రంగు, గాలి చాలని గ్యాస్‌లో పుట్టిన మసి రేణువులు ఎర్రగా కాగి వెలగడమే. క్లాసులో నేనే చెప్పాను. ఇంట్లో కుర్చీ వేసుక్కూచుని మర్చిపోయాను.

పైలట్ అనే చిన్న మంట మాత్రం నీలంగానే ఉండాలి. బొటనవేలంత మంట, పక్కనున్న లోహపు పుల్లని తడుముతూ ఉంటుంది. ఆ పుల్ల ఉష్ణయుగ్మం. రెండు లోహాల అతుకుని వేడిచేస్తే కరెంటు పుడుతుందని 1821లో సీబెక్ కనిపెట్టింది. ఆ కొద్దిపాటి మిల్లీవోల్టుల కరెంటే గ్యాస్ వాల్వుని తెరిచి పట్టుకుంటుంది. పైలట్ ఆరితే పుల్ల చల్లారి, కరెంటు ఆగి, వాల్వు తనంతట తనే మూసుకుంటుంది. ముప్ఫై రెండేళ్ళు నల్లబల్ల మీద గీసిన బొమ్మ నేల మీద మోకాళ్ళపై కూచుని ఆ రోజే మొదటిసారి పనిచేస్తుంటే చూశాను. ఆ పైలట్ గొట్టం మూతిలో దారప్పోగంత సాలెగూడు కూడా ఉంది. వేసవంతా ఆర్పి ఉంచిన గ్యాస్ గొట్టాల్లోకి సాలీళ్ళు చేరడం మామూలేనట. 2011లో మాజ్డా కంపెనీ పెట్రోలు ట్యాంకు గొట్టాల్లో సాలెగూళ్ళ వల్ల వేల కార్లు వెనక్కి పిలిపించుకుంది. ఆ కథ ఆయనే చెప్పాడు.

వెళ్ళేముందు ఒక పని చేశాడు. డ్యాంపర్ మేం వాడినట్టే ఉంచి, దుంగలు నేను పేర్చినట్టే పెట్టి, వెలిగించి, పావుగంట తర్వాత మోనాక్సైడ్ మీటరు పొయ్యి నోటి దగ్గర పట్టాడు. ముప్ఫై దాటింది, పది లక్షల పాళ్ళలో. తర్వాత దుంగలు బొమ్మ ప్రకారం సర్ది, డ్యాంపర్ తెరిచి క్లాంపు బిగించి, గది గాలి మార్చి మళ్ళీ పట్టాడు. సున్నా. "ఆ సొరుగులో అలారం బతికే ఉన్నా ముప్ఫైకి అరవదు" అన్నాడు. అక్కడి నియమం ప్రకారం డెబ్బై దగ్గర అరవడానికి కూడా గంట నుంచి నాలుగు గంటలు పడుతుంది. అది ప్రాణం పోకుండా కాపాడే వస్తువే. తలనొప్పి రాకుండా చూసుకోవలసింది మనం.

బిల్లు నూట ఎనభై అయిదు డాలర్లు. "ఏడాదికి అయిదు సార్లు వాడేదానికి ఏటా ఇంతా?" అన్నాడు అల్లుడు, ఆయన వెళ్ళాక. కారుకి, ఏసీకి, పళ్ళకి తప్పకుండా ఏటా చెకప్ చేయించే ఇల్లు అది. ఫైర్‌ప్లేసులు, చిమ్నీలు ఏడాదికొకసారి చూపించాలని అక్కడి జాతీయ అగ్నిప్రమాద నివారణ సంఘం ప్రమాణం స్పష్టంగానే చెబుతోంది. ఎక్కువ వాడే వస్తువు పాడైతే మనకి తెలుస్తుంది. సాలీడు చేరేది వాడనిదాంట్లోనే.

నేనీ వ్యాసం రాయడానికి కారణం సాలీడు కాదు. దీపావళి అయిపోయింది. నాలాంటి అమ్మలు, నాన్నలు ఇప్పుడు సూట్‌కేసులు దింపి పచ్చడి సీసాలు తూకం వేస్తూ ఉంటారు. వీళ్ళు దిగగానే పిల్లలు ఇల్లంతా తిప్పి చూపిస్తారు. డిష్‌వాషర్‌లో ఏ గిన్నె ఎటు పెట్టాలి, టీవీలో తెలుగు చానళ్ళు ఎలా వస్తాయి, తలుపు నంబరు, చెత్త ఏ రోజు ఏ డబ్బాలో వెయ్యాలి, ఎవరైనా తలుపు కొడితే తియ్యొద్దు, ఆపదొస్తే 911. నాకూ ఇవన్నీ చూపించారు. డిష్‌వాషర్ గురించి ఇరవై నిమిషాలు చెప్పారు. గ్యాస్ ఎక్కడ కట్టెయ్యాలో ఎవరూ చూపించలేదు. పొయ్యి పక్క గోడలో చిన్న చిల్లు, అందులో దూర్చి తిప్పే తాళంచెవి లాంటిది ఒకటి ఉంటుందని నాకు మెకానిక్ చెప్పాడు. మా అమ్మాయికీ అప్పుడే తెలిసింది.

పిల్లల్ని తప్పుపట్టి నేను తప్పించుకోను. అడగడానికి మేమూ మొహమాటపడతాం. వాళ్ళిల్లు, వాళ్ళ సామాను, వాళ్ళ ఇంగ్లీషు బటన్లు. తెనాలిలో నా వంటింట్లో నేనిలా ఉండను. బండ దింపే కుర్రాడు గుమ్మంలో ఉండగానే పైన రింగు దగ్గర పట్టీ మీద అక్షరం చూస్తాను. ఏ అంటే మార్చి దాకా, బి అంటే జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. పక్కన సంవత్సరం అంకెలు. గడువు తీరితే బండ వెనక్కే. మూత తీసి లోపల రబ్బరు వాషరు ఉందో లేదో వేలితో తడుముతాను. నారింజ రంగు ట్యూబు అయిదేళ్ళకి మారుస్తాను. రెగ్యులేటరు బిగించాక సబ్బు నురగ రాసి బుడగలు చూస్తాను. ఆ కుర్రాడు నన్ను చూస్తే విసుక్కుంటాడు, తెలుసు. అదే మనిషిని విమానం దిగి కమింగ్ వెళ్ళేసరికి రిమోటు నొక్కడం తప్ప ఏమీ అడగని చుట్టాన్నైపోయాను. ఇంట్లో మంట పక్కన రోజంతా ఉండేది ఎవరో ఆ మంట సంగతి వాళ్ళకే అందరికంటే తక్కువ తెలియడం, ఇదే నా ఫిర్యాదు. ఈ చలికాలం అమ్మానాన్నల్ని పిలిపించుకుంటున్న పిల్లలు వాళ్ళు రాకముందే ఒకసారి మెకానిక్‌ని పిలవాలి. వచ్చాక డిష్‌వాషర్ కంటే ముందు ఆ తాళంచెవి చూపించాలి.

ఇంకో అపోహ. గ్యాస్ అయితే వాసన వస్తుంది కదా అంటారు. వచ్చేది మండని గ్యాసుకి, అదీ కలిపిన వాసన. 1937లో టెక్సాస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్ళో స్కూలు కింద వాసన లేని గ్యాస్ చేరి పేలి మూడు వందల మంది దాకా, ఎక్కువమంది పిల్లలే, చనిపోయాక ఆ వాసన కలపడం చట్టమైంది. మండగా పుట్టే మోనాక్సైడుకి ఎవరూ వాసన కలపలేరు. పైగా అరవై అయిదు దాటిన ముక్కుల మీద నాకంత నమ్మకం లేదు. మావారికి ఇంగువ వాసన కూడా తెలియడం లేదు. మన వంటగ్యాస్ గాలి కంటే బరువు, నేల పట్టుకుని ఉంటుంది. అక్కడ గొట్టాల్లో వచ్చేది తేలిక, పైకి లేస్తుంది. రెండు చోట్లా వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకూడదు. అక్కడైతే ముందు ఇంట్లోంచి బయటికి నడిచి, ఆ తర్వాతే ఫోన్ తీయాలి.

శుభ్రం చేయడం గురించి, తప్పు చేసి నేర్చుకున్నదాన్ని కాబట్టి, నా మాట వినొచ్చు. ముందురోజు నుంచీ ఆర్పి ఉంచి, గ్యాస్ కట్టేసి, పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టాలి. దుంగలు కదిపేముందు ఫోన్‌తో రెండు ఫొటోలు. మెత్తటి బ్రష్షు, పొడిగా. నీళ్ళు, ఫినాయిలు, సబ్బు వద్దు. పింగాణీ పీచు దుంగలైతే తడికి పొడిపొడిగా రాలతాయి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మూతికి మాస్కు కట్టుకోండి. ఇంట్లో మామూలు వ్యాక్యూమ్ పెడితే సన్నపొడి వెనక నుంచి గదిలోకే వస్తుంది. అద్దం ఉన్న రకమైతే లోపల తెల్లటి పొర పడుతుంది, దానికి ప్రత్యేకంగా అమ్మే క్రీమే వాడాలి. అమోనియా ఉండే కిటికీ క్లీనర్లు వాడితే ఆ మరక అద్దంలోకే ఇంకిపోతుంది. ఆ అద్దం మండుతున్నప్పుడు చిన్నపిల్లల చేతులు కాల్చేస్తుంది. 2015 నుంచి తయారైనవాటికి ముందు జాలీ తెర తప్పనిసరి చేశారు, పాతవాటికి మీరే కొనాలి. బర్నరు రంధ్రాలు, పైలట్, వాల్వు జోలికి మనం వెళ్ళకూడదు. సూది పెట్టి పొడిచే అలవాటు మనకుంది, స్టవ్వు మీద ఆ పని నేనూ చేశాను. అది మెకానిక్ పని.

ఆ గూట్లో ఏమీ వెయ్యకూడదు. కాగితం, నారింజ తొక్క, సాంబ్రాణి, పిడక, ఏదీ. అది చెత్త కాల్చుకునే చోటు కాదు. పిడక వేసిన నేను ఈ మాట చెప్పడం ఎబ్బెట్టుగానే ఉంటుంది. గొట్టం లాగుతోందో లేదో చూడాలంటే మెకానిక్ నాకు నేర్పిన పద్ధతి వేరు. మంట వెలిగించిన కొద్ది నిమిషాలకి ఒక అగరువత్తి ముట్టించి గూడు పైఅంచు దగ్గర, బయటివైపు పట్టుకోవాలి. పొగ లోపలికి వంగి పైకి పోతే సరే. మన మొహం మీదికొస్తే వెంటనే ఆర్పి కిటికీలు తీయాలి. అమెరికా మెకానిక్ చేతి సంచిలో అగరువత్తుల పొట్లం చూసి మావారు పొంగిపోయారు. గంధం వాసనవి.

మే నెలలో తెనాలి తిరిగొచ్చాక మొదట వెళ్ళింది మా చెల్లెలి ఇంటికి. వాళ్ళ బాత్రూములో గ్యాస్ గీజరు. నాలుగడుగుల వెడల్పు గది, ఉన్న ఒక్క కిటికీకి దోమలు రాకుండా ప్లాస్టిక్ షీటు మేకులు కొట్టి బిగించారు. తలుపు గడియ వేసుకుని, వేడినీళ్ళు వదిలి, ఇరవై నిమిషాలు స్నానం. "అక్కా, పదేళ్ళ నుంచి వాడుతున్నాం, ఏమీ కాలేదు" అంది. మన దగ్గర చలికాలంలో పేపర్లో లోపలి పేజీల్లో పడే ఆ నాలుగు లైన్ల వార్తలు, బాత్రూములో స్పృహతప్పి పడి ఉన్నారు, తలుపు బద్దలుకొట్టి చూస్తే చనిపోయి ఉన్నారు, అవి ఎక్కువగా ఈ గదుల్లోంచే వస్తాయి. దానికి కమింగ్ దాకా పోనక్కర్లేదు. షీటు ఆ రోజే ఊడపీకించాను. గీజరుని బయట వసారాలోకి మార్చి నీళ్ళ గొట్టం మాత్రం లోపలికి తీయడానికి ప్లంబరు పద్ధెనిమిది వందలు తీసుకున్నాడు. ఆ డబ్బు నేనే ఇచ్చాను, లేకపోతే ఇంకో పదేళ్ళు వాదించేది.

పోయిన నెల అమ్మాయి వీడియో కాల్ చేసింది. వెనక అదే తెల్ల గడ్డం, మోకాళ్ళ మీద. "అమ్మా, నిన్ను చూపించమంటున్నాడు" అంది. ఫోను గూట్లోకి దించారు. పైలట్ నీలంగా ఉంది, క్లాంపు దాని చోట ఉంది, సాలీడు లేదు. హాల్లో కొత్త అలారం. తాళంచెవి వెంకటేశ్వరస్వామి పటం పక్కన మేకుకి తగిలించి, కింద మనవడు తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాడు, "అమమ్మ తాళం" అని. మ్మ ఒకటి తగ్గింది. వచ్చే భోగికి డ్రైవ్‌వేలో చిన్న ఇనప కుంపటి పెట్టుకోవడానికి పక్కింటాయన్ని అల్లుడు ముందే అడిగి పెట్టుకున్నాడట. ఆయనా వస్తానన్నాడట. అయితే ఈసారి స్టోరు పిడకలు వద్దు, తెనాలి ఆవుపేడతో నేనే చేసి పంపుతానన్నాను. కస్టమ్స్‌వాళ్ళు పారేస్తారమ్మా అని అమ్మాయి ఫోన్ పెట్టేసింది.